దుంగ లెక్క

మా దీవుల్లోని చాతం రంపపు మిల్లులో దుంగలు కొలిచే రోజులవి. బడికి వెళ్ళకుండానే లెక్కలు నేర్చుకున్నానని నాకు మహా గర్వం. ఎవరైనా రావచ్చంటే, ఒక మధ్యాహ్నం కాలేజీ లెక్కల డిపార్ట్‌మెంటు సెమినార్‌కు వెళ్ళాను. మాట్లాడేది శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్త లెక్చరర్. ఆ ప్రసంగం నచ్చితేనే ఉద్యోగం పర్మినెంటట.

అతను బోర్డు మీద గుండ్రటి దుంగ ఘనపరిమాణం కట్టాడు. నేను లేచి నిలబడ్డాను.

"గలత్ హై సార్! కలప ఎక్కువ చూపిస్తన్నారు. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చేసి, పొడవుతో హెచ్చెయ్యాల. ఇరవయ్యేళ్ళుగా కొలుస్తన్నాను!"

"అది మిల్లు లెక్క బాబాయ్..." అని అతను అంటుండగానే డిపార్ట్‌మెంటు హెడ్ పకపకా నవ్వాడు.

"మిల్లు కూలీకి తెలిసింది నీకు తెలీదా భయ్యా? ఇక చాలు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు మా మేస్త్రీకి గొప్పగా చెప్పాను. "ఓరి పిచ్చోడా! మనది రంపం కింద పోయే తరుగు తీసేసిన లెక్క. అసలు దుంగ అంతకన్నా ఎక్కువే ఉంటాది," అన్నాడు.

కాలేజీకి పరుగెత్తాను. అతన్ని తీసేశారట, అప్పటికే ఓడెక్కేశాడట.

అన్ని డిగ్రీలున్నవాళ్ళలో ఒక్కడూ ఆ లెక్క సరిచూడలేదని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ కళ్ళు మూసుకుంటే వాళ్ళెవరూ కనిపించరు. మా నవ్వుల మధ్య, సరైన జవాబును తన చేత్తోనే తుడిచేస్తూ అతనొక్కడే కనిపిస్తాడు.