అన్న పరిచిన నేల

ఈద్ సెలవులకు ఆఫీసు మూసి, భార్యాపిల్లలతో మదీనా వెళ్లి, అయిదో రోజు ఉదయం సౌదీలో మేముండే తబూక్‌కు తిరిగొచ్చాను. ఆఫీసు తాళం తిరిగింది కానీ తలుపు రాలేదు. భుజంతో గట్టిగా నెట్టాల్సి వచ్చింది. లోపల చెక్క నేల ఉబ్బి తలుపును పట్టేసుకుంది.

టీ కాచుకునే చిన్న గదిలో గీజర్ కింద పైపు పగిలింది. ఎన్నాళ్లనుంచి కారుతోందో, రెండు గదుల్లోనూ నీళ్లు నిలిచాయి. పలకల అంచులు పైకి లేచాయి. ముక్కిన వాసన. వాల్వు కట్టేసి, ప్యాంటు పైకి మడుచుకుని, చీపురుతో నీళ్లు బయటికి తోశాను. తోస్తున్నంతసేపూ నా మనసులో ఒకటే మాట: ఇది అన్నకు తెలియకూడదు.

అన్న చనిపోయి అప్పటికి మూడు నెలలు.

అన్న అన్నది పిలుపే. ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. నాది కడప. ఏసీలు బాగుచేసే మా చిన్న కంపెనీలో ఆయన పనివాళ్లను చూసుకునేవాడు, నేను కాగితాలు చూసుకునేవాణ్ని. మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన సౌదీ యజమాని, రియాద్‌లో ఉంటాడు. ఈ అద్దె ఆఫీసు మంచిచెడ్డలు మా ఇద్దరికే వదిలేశాడు. ఏడేళ్ల క్రితం ఇందులో చేరినప్పుడు కింద ఉత్త సిమెంటు. గల్ఫ్ అంటే ఎండే అనుకుంటారు గానీ, జనవరిలో తబూక్ చలి ఎముకల్ని కొరుకుతుంది. నేను మూలన జానిమాజ్ పరుచుకుని నమాజు చేసేవాణ్ని. లేచేటప్పుడు మోకాళ్లు పట్టేసేవి. గోడకు చెయ్యి ఆనించి లేచేవాణ్ని. అన్న అది చూశాడు కాబోలు.

ఒక శుక్రవారం నేను జుమా నుంచి వచ్చేసరికి ఆయన కింద కూర్చుని చెక్క పలకలు కొలుస్తున్నాడు. ఎక్కడో విల్లా పనిలో మిగిలిపోయినవి అడిగి తెచ్చాడట. ఇక్కడ ఇలాంటి చెక్క నేలను బార్కే అంటారు.

"ఏందన్నా ఇదంతా?"

"నీ మోకాళ్లు నాకంటె ముందుగాల ముసలివైతున్నయ్ తమ్మీ. చెక్కేస్తె జర ఎచ్చగుంటది."

అయిదు శుక్రవారాలు పట్టింది. ఆయన వడ్రంగేమీ కాదు. రెండో గది గోడ వంకరగా ఉందని చివరి వరసను నాలుగుసార్లు కోశాడు. అయినా సందు మిగిలింది. "గా సందు నువ్వు సూడకు" అన్నాడు.

ఈద్‌కు ముందు డిసెంబరులో ఒక బడి పైకప్పు మీద ఏసీ విప్పుతూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. పాస్‌పోర్టు రద్దు కాగితం మీద, శవపేటికను విమానం ఎక్కించే కాగితం మీద నేనే సంతకాలు పెట్టాను. కాగితాలు చూసేవాణ్ని నేనే కదా.

బిల్డింగు యజమాని, పై అంతస్తులో ఉండే ముసలి సౌదీ, కిందికొచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఖలాస్. ఇది పోయింది. మీరు ఊ అంటే టైల్స్ నేనే వేయిస్తాను" అన్నాడు. మంచి మాటే. నేను ఊ అనలేదు.

నేలలు వేసే నిజామాబాద్ మనిషిని పిలిపించాను. అతను పలకల మీద వేళ్లతో కొట్టి విన్నాడు. ఒకటి లేపి కింది వైపు నాకు చూపించాడు. నల్లటి బూజు.

"సార్, గిది ఒక్కపారి నీళ్లు తాగిందంటె మళ్ల ఎన్కకు రాదు. ఎండవెట్టినా గింతే."

"పాడైనవి మార్చి, మిగతావి ఉంచలేమా?"

"ఉంచొచ్చు. గని ఎందుకు సార్?"

"కొన్నాళ్లు చూద్దాం" అని పంపేశాను.

ఫ్యాన్లు పెట్టాను. లేచిన పలకల మీద పాత కంప్రెసర్లు బరువుగా పెట్టాను. రోజూ పొద్దున రాగానే కూర్చుని అరచేత్తో తడిమేవాణ్ని. ఒకచోట దిగితే ఇంకోచోట లేచేది. వాసనకు తలుపులు తెరిచే ఉంచేవాళ్లం. మా పెద్ద టెక్నీషియన్ మదనపల్లె మనిషి, వయసులో మా అందరికంటే పెద్ద. మామా అని పిలుస్తాం. "తీసేపిద్దాంలే నాయనా, పలకలు అందరి కాళ్లకూ తగులుతాండాయి" అని ఆయన రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నేను విసుక్కున్నాను.

"మీకేం తెలుసు మామా!"

ఆయన అన్నతో పదేళ్లు ఒకే గదిలో ఉన్నవాడు. ఆ రోజు పైకప్పు మీద అన్న తలను ఒళ్లో పెట్టుకున్నది ఆయనే. అలాంటి మనిషిని ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం వెళ్లి పని చేసుకున్నాడు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం మామ, రెండు చేతులతో ఫ్యాన్ మోటారు పట్టుకుని వస్తూ, లేచిన పలక అంచు తగిలి ముందుకు పడ్డాడు. నా టేబుల్ ఎదుటే. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చుని "నాదే తప్పు మామా" అన్నాను.

ఆయన విరిగిన చేతిని ఒళ్లోకి జరుపుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆయప్ప పోయినాడు నాయనా. నువ్వు నేలను పట్టుకోని కూచున్నావు."

ఆ సాయంత్రం జగిత్యాలకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో సరిగా చెప్పలేను. ఎవరో ఒకరు సరే అనాలనిపించింది.

"వదినా, అన్న మా ఆఫీసులో చెక్క నేల వేశాడు. నీళ్లకు పాడైంది. తీసేయాలంటున్నారు."

"గాయిన నేలేసిండా?" ఆమె గొంతులో ఆశ్చర్యం. "పోయినసారి వచ్చినప్పుడు వంటింట్ల బండలు కదులుతున్నయ్, జర సరిజెయ్యమంటె, నాకు రాదన్నడు తమ్మీ."

నవ్విందనుకున్నాను. ఆ తర్వాత అర్థమైంది, అది నవ్వు కాదని. "ఒక పలక మీకు పంపించమంటారా?" అని అడిగాను.

"మనిషే పెట్టెల వచ్చిండు. చెక్క ముక్క తెచ్చుకొని నేనేం జేసుకుంట? తీసెయ్యి."

మర్నాడు నిజామాబాద్ మనిషి వచ్చాడు. మొదటి గది అతను తీశాడు, రెండోది నేను. చాలా పలకలు చేతికే ఊడి వచ్చాయి. అన్నీ వీధి చివర చెత్తపెట్టెలో వేశాం. వారం తిరక్కుండా యజమాని బూడిదరంగు టైల్స్ వేయించి, ఎలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయన్నాను.

మామ కట్టు విప్పాక మణికట్టు పూర్తిగా తిరగలేదు. స్క్రూడ్రైవర్ తిప్పలేడు. ఇప్పుడు పక్కన నిలబడి పనివాళ్లకు చెబుతాడు, అంతే. ముప్పై ఏళ్ల చేతిపని అక్కడితో ఆగింది. ఆగడానికి కారణం నేను.

ఒక శుక్రవారం ఆయన్ని చూడ్డానికి వాళ్ల గదికి వెళ్లాను. అన్న మంచం ఇంకా అలాగే ఉంది. దుప్పటి సరిగ్గా పరిచి ఉంది. కొత్తవాళ్లెవరినీ ఆయన దానిమీద పడుకోనివ్వలేదట. నేను దాన్ని చూడటం గమనించి ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇట్ల రా" అంటూ తన మంచం మీద కొంచెం జరిగాడు. ఆ ఇరుకులోనే పక్కపక్కన కూర్చుని టీ తాగాం.