పరుపుల బాబాయి అరిగిన ముఖం

"మీరు పడుకున్న పరుపు ఎవరు కొంటారండీ?"

"నేనెక్కడ పడుకున్నానే? కూర్చుని బిల్లు రాస్తున్నా కదా."

"ఇక్కడ కాదు, అక్కడ. గోడ మీద. తెల్లటి పరుపు, పూల దిండ్లు, మధ్యలో మీ ముఖం."

"అది నేను కాదు. నా నీడ."

"నీడకి మీసాలుంటాయా?"

పిన్నీ బాబాయిల ఈ వాదన నేను స్క్రీన్ వెనక సందులో, ఫ్యాన్లకు పట్టిన దుమ్ము దులుపుతూ విన్నాను. వాళ్ళది పరుపుల దుకాణం. దుకాణం ముందు గోడంత ఎల్‌ఈడీ స్క్రీన్. కాలేజీ మానేసి ఖాళీగా తిరుగుతున్నానని దాన్ని చూసుకునే పని నాకు అప్పగించారు. ఆ రోజు పిన్ని మాటే న్యాయం. నీడకు మీసాలున్నాయి. పైగా తెల్లవి.

బాబాయి పరుపు అమ్మే పద్ధతి వేరు. ఎలా ఉంటుందో చెప్పడు, తనే పడుకుని చూపిస్తాడు. ఒకసారి అలాగే నిద్రపోతే, కొనడానికొచ్చిన దంపతులు లేపడానికి మొహమాటపడి పక్క పరుపు మీద కూర్చున్నారు. లేచాక అదే కొన్నారు. అలాంటి మనిషికి స్క్రీన్ అక్కర్లేదు. కానీ కొన్నాడు.

అమ్మినవాడు "లక్ష గంటలు పనిచేస్తుందండీ" అన్నాడు. లక్ష గంటలకు వెలుగు సగానికి పడిపోతుందని, తెరలోని చిన్న చిన్న దీపాల్లో ఎక్కువ వెలిగింది ముందుగా అరుగుతుందని వాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. లక్ష అన్న మాట చెవిన పడ్డాక బాబాయికి ఇంకేమీ వినిపించదు. "మన మనవళ్ళు కూడా దీని మీదే వ్యాపారం చేస్తారు" అని బంధువులందరికీ ఫోన్లు చేశాడు. అప్పటికింకా ఆయన కొడుక్కి పాలపళ్ళు ఊడుతున్నాయి.

తర్వాత ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రాత్రి వాచ్‌మన్‌ను మానిపించి, రోజూ రాత్రంతా నల్లటి తెర మీద తన ముఖం వెలిగించి వదిలేశాడు. కళ్ళు పెద్దవి చేసి, మీసం మెలేసి, ఎదురుగా దొంగ నిలబడ్డట్టు తీయించుకున్న ఫోటో అది. వాచ్‌మన్ జీతం మిగులుతుంది, ఆ మిగులుతో కరెంటు బిల్లు కట్టేయొచ్చు, ఇక గోడ ఊరికే వచ్చినట్టేనని ఆయన లెక్క. "వాడు కునుకు తీస్తాడు. నేను రెప్ప కూడా వెయ్యను" అనేవాడు. నిజమే, ఏళ్ళ తరబడి వెయ్యలేదు.

ముఖం ఉన్నచోట దీపాలు అరిగిపోయాయి. మీసం నల్లది కాబట్టి అక్కడి దీపాలు రాత్రిళ్ళు హాయిగా విశ్రాంతి తీసుకుని కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. ఇప్పుడు తెల్లటి బొమ్మ ఏది వేసినా మధ్యలో మసక ముఖం, దాని మీద ధగధగలాడే తెల్ల మీసం.

ఆ వారం లాడ్జి ఓనరు తన గదులన్నిటికీ పరుపులు చూడటానికి వస్తున్నాడు. "ఆయన ముందు మీరు పరుపు మీద కనబడ్డారో, గోడ విప్పించేస్తా" అని పిన్ని తేల్చేసింది. బాబాయికి అన్నం సయించలేదు. దుకాణం పేరు తెలియనివాళ్ళు కూడా ఆటోవాడితో "మీసాలాయన దగ్గర ఆపు" అంటారు. ఆ గోడ పోతే తననెవరు గుర్తుపడతారని ఆయన బెంగ.

మెకానిక్ వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని చూశాడు.

"మధ్యలో పాత ప్యానెళ్ళు విప్పి కొత్తవి వేసెయ్" అన్నాడు బాబాయి.

"ఈ రకం ఇప్పుడు రావట్లేదు సార్. వేరేవి వేస్తే అక్కడ గళ్ళు గళ్ళుగా మెరుస్తుంది."

"మరి?"

"మిగతా గోడ వెలుగు మీ ముఖమంత తగ్గిస్తా. అంతా సమానమైపోతుంది."

తగ్గించాడు. ముఖం మాయమైంది. ఎండెక్కేసరికి పరుపు కూడా మాయమైంది.

లాడ్జి ఓనరు మధ్యాహ్నం దిగాడు. గోడకేసి చూసి, "ఈ నల్లపలక ఎందుకండీ, దిష్టికా?" అన్నాడు.

బాబాయి దేన్నైనా ఓర్చుకుంటాడు గానీ దీన్ని ఓర్చుకోలేకపోయాడు. నా వైపు తిరిగి "పెంచరా" అన్నాడు.

"వద్దు బాబాయ్."

"పెంచమంటున్నానా."

పెంచాను. పరుపు వెలిగింది. బాబాయి కూడా వెలిగాడు.

ఓనరు తల పక్కకు వంచి చూశాడు. "ఎవరో పడుకున్నట్టున్నారే. వాడిన పరుపా అమ్మా?"

"పరుపు కొత్తదేనండీ" అంది పిన్ని. "మనిషే అరిగిపోయాడు."

ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. దిండ్లకు మాత్రం ఆర్డరు చెప్పి వెళ్ళిపోయాడు. పరుపుల ఊసెత్తలేదు.

పిన్ని కేకలెయ్యలేదు. రాత్రి భోజనాల దగ్గర బాబాయికి అడక్కుండానే ఇంకో గరిటె పెరుగు వేసింది. అది చూసి గోడ పోయినట్టేనని ఆయనకు అర్థమైంది.

కొనేవాళ్ళు దొరికారు. ఫంక్షన్లకు స్క్రీన్లు అద్దెకిచ్చేవాడు అంచుల్లోని మంచి ప్యానెళ్ళు తీసుకుంటానన్నాడు. మధ్యలోవి కొన్ని బస్సుల ఆఫీసువాడికి, కొన్ని మందుల షాపువాడికి. నల్లటి తెర మీద అక్షరాలు పరిగెత్తించుకుంటారట, కాబట్టి అరుగుదల తెలియదు.

విప్పే ముందురోజు బాబాయి నన్ను మెట్ల కిందికి పిలిచి, పిన్ని ఎక్కడుందో చూసుకున్నాడు. గోడ ఉంచమని ఆమెకు చెప్పమంటాడేమో అనుకున్నాను.

"ముఖమంతా ఒక్కడికే అమ్మురా" అన్నాడు. "తక్కువిచ్చినా పర్లేదు. ముక్కు బస్సుల ఆఫీసుకి, మీసం మందుల షాపుకి అంటే ఏం బాగుంటుంది? అన్నీ ఒకేచోట ఉండేట్టు చూడు."