మడమ ఆనించిన చోటు

మాది సత్యవేడు. ఆ పక్క దయ్యాల కథలకు కొదవ లేదు, నేను మాత్రం ఒక్కటీ నమ్మిందాన్ని కాదు. పొద్దస్తమానం లేజరు కొలతలతో తలకాయ కొట్టుకునేదాన్ని, రెండు సెంటీమీటర్లు తేడా వస్తేనే ఒప్పుకోను. ఇంగ దయ్యాలనేం ఒప్పుకుంటాను? నమ్మాలంటే కూడా రవంత ఓపిక ఉండాల కదా. నాకు అది ఎప్పుడో అయిపోయింది.

నేను తిరుపతిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో పని చేస్తాను. ఊరికి డిజిటల్ ట్విన్ తయారుచేసే పని. అంటే ఏం లేదు, కంప్యూటర్లో ఇంకో తిరుపతి. ఇల్లు, కరెంటు స్తంభం, కాలవ, మిద్దె మీద ట్యాంకు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. రోడ్డు తవ్వాలన్నా, వాన నీళ్లు యాడ నిలుస్తాయో తెలియాలన్నా ఆఫీసర్లు ముందు దాంట్లో చూసుకొని, ఆనక ఊర్లో పని మొదలుపెడతారు.

భూమ్మీద ఉండేదంతా లేజరు బండి తిరిగి కొలుచుకొస్తాది. భూమి లోపలిదే తంటా. పాత నీళ్ల పైపులు ఎట్లా పోతాయో చెప్పే కాగితాలు యాడా లేవు. అందుకని రిటైరైన ఫిట్టరు దస్తగిరి మామను పిలిపించినారు. తల నెరిసేదాకా వీధి వీధికీ తిరిగి వాల్వులు తిప్పి నీళ్లు వదిలిన మనిషి.

మామ చేత్తో చూపించేవాడు కాదు. చేత్తో చూపిస్తే అటో ఇటో రాసుకుంటారని ఆయన బాధ. వీధిలో కొంచెంసేపు నడిచి, ఒక చోట ఆగి, ఎడమ కాలి చెప్పు విడిచి, వేళ్లు పైకి లేపి మడమ ఒక్కటే నేలకు ఆనించి నిలబడేవాడు. నేను ఎర్ర పెయింటుతో దాని చుట్టూ గీసేదాకా ఎంత ఎండైనా కదిలేవాడు కాదు.

"గుర్తు పెట్టు పాపా, అప్పుడు తీస్తా కాలు" అనేవాడు.

నాకు యాష్ట వచ్చేది. విసుక్కుంటూనే గీసేదాన్ని.

అలిపిరి పక్క ఒక సందు మిగిలిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేసి, ఈపొద్దే రా, ఆ సందులో ఒకటుండాది, నాకు తప్ప ఎవరికీ తెలీదు అన్నాడు. నేను అప్పుడే ఎండలో తిరిగొచ్చి కూలబడి ఉన్నాను. రేపొస్తాలే మామా అని పెట్టేసినాను. తెల్లారేసరికి గుండెపోటుతో పోయినాడు.

రెండు నెలల తర్వాత ఆ సందులో మురుగు కాలవ తవ్వాలని తీర్మానం అయింది. యంత్రం దిగే ముందు, కింద పైపు ఏమీ లేదని నేను సంతకం పెట్టాల. ఇంతకు ముందు ఇంకో వీధికి అట్లనే పెట్టినాను. యంత్రం పైపును చీల్చేసి, మురుగు కాలవ నీళ్లు కొళాయిల్లోకి పోయినాయి. నన్నెవరూ ఏమీ అనలేదు. కానీ ఆస్పత్రి వరండాలో వాంతులు చేసుకుంటా పండుకున్న పిల్లకాయల్ని నేను పోయి చూసినాను. అప్పట్నుంచి సంతకమంటేనే భయం.

కంప్యూటర్లో ఆ సందు బొమ్మ తెరిచి చూస్తే, అక్కడుండే టైలరమ్మ ఇంటి మెట్ల ముందర మనిషి ఆకారం ఒకటి ఉండాది.

అట్లా ఉండకూడదు. బండి వచ్చిన ప్రతిసారీ ఒక్కో వీధిని నాలుగైదు చుట్లు చుడతాది. ఆ లోపల కదిలే మనుషుల్ని, బండ్లని సాఫ్ట్‌వేర్ చెరిపేస్తాది, కదలనిదే మిగులుతాది. ఏ గుంజో అనుకొని తీసేసినాను. వారం తర్వాత బండి మళ్లా తిరిగింది, మళ్లా అదే చోట ఉండాది. తీసేసినాను. మూడోసారీ వచ్చింది. అదే బండి కెమెరా తీసిన ఫోటోలు చూస్తే మెట్లు, ముగ్గు, ఒక ప్లాస్టిక్ బిందె తప్ప మనిషనేవాడే లేడు.

ఆ మూడోసారి విసుగుతో బొమ్మను పక్కకు తిప్పినాను. ఎడమ కాలికి చెప్పు లేదు. వేళ్లు పైకి లేచి ఉండాయి.

భయం కాదు, ఏడుపొచ్చింది.

ఈ పని చూసే మున్సిపాలిటీ ఇంజినీరు, ఏఈ సారుకు చూపించినాను. ఇద్దరు ముగ్గురు నడిచిపోయిన ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడుంటాయి, తీసేసి సంతకం పెట్టమ్మా అన్నాడు. అయ్యుండొచ్చు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

"ఒక్క గుంత చేత్తో తవ్వించండి సార్. ఏం లేకుంటే అప్పుడే పెడతాను" అన్నాను.

నాతో వాదించే ఓపిక ఆయనకూ లేనట్టుండాది, సరే అనేసినాడు.

మర్నాడు పొద్దున బొమ్మలో ఉండే కొలత ప్రకారం టైలరమ్మ గోడ మూలనుంచి టేపు పట్టి, మడమ ఉన్న చోట ఎర్రగా గీసినాను. కూలీలిద్దరు తవ్వినారు. మోకాలి లోతు దాటినాక గడ్డపార ఖంగుమనింది. తుప్పు పట్టిన వాల్వు, దాని కింద పాత ఇనప పైపు. ఈ సందంతా తాగేది ఆ నీళ్లేనని టైలరమ్మ చెప్పింది. ఏఈ సారు గుంతలోకి తొంగి చూసి, కాలవను అవతలి పక్కకు మార్చమన్నాడు. గుంత పూడ్చినాక నేను మళ్లా గుర్తు గీసినాను.

మామ బతికున్నప్పుడు నిలబడిందే బొమ్మలో పడిందేమోనని, బండి తిరిగిన తేదీల రిజిస్టరు తీసి చూసినాను. మూడుసార్లూ బండి తిరిగింది ఆయన పోయినాకే. ఫోన్లో ఆయన ఆ చోటు చెప్తే నేనే మరిచిపోయినానా అంటే, నేను చెప్పనిస్తే కదా.

కాలవ పని అయిపోయినాక బండి ఇంకోసారి తిరిగింది. అన్నిటికంటే ముందు ఆ సందే తెరిచినాను. మెట్లు ఉండాయి, బిందె ఉండాది, నా ఎర్ర గుర్తు ఉండాది. మనిషి లేడు.

ఇదంతా ఎట్లా అయిందో నన్నడగొద్దు, నాకిప్పటికీ తెలీదు. ఆ మధ్యాహ్నం ఒక్క పూట ఓపిక చేసుకొని పోయుంటే, మామ అన్ని దినాలు ఎండలో నిలబడే పని లేకుండా పోయేది.