టిష్యూ ప్యాకెట్లు పెట్టిన కుర్చీలు

గురువారం మధ్యాహ్నం టీచర్ గారు ఆసుపత్రిలో కన్నుమూశారని విన్నప్పుడు మీ నోట ముందుగా వచ్చిన మాట ఏమిటి? జవాబు నాకు తెలుసు. మన సహవాసంలో తొమ్మిది ఇళ్ళకు ఫోన్ చేసింది నేనే. ఏడు ఇళ్ళలో ఒకటే మాట: "ఏ టీచర్, బ్రదర్? ఆ నల్లామెనా?"

అవును, ఆ నల్లామే. ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేసేవారు. ఇల్లు యూ టీ పేటలో, మా బ్లాకులోనే మూడో అంతస్తు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడబట్టి మనందరికీ ఈ పరాయి దేశంలో ఉద్యోగాలు దొరికాయి కదా, ఆ రోజుల్లోనే కంప్యూటర్ చదువులకని ఆఫ్రికా నుంచి కొందరు నల్లజాతి పిల్లలు వచ్చారు. రైల్లో వాళ్ళ పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ప్రయాణం చేసేవాళ్ళు. ఆ పిల్లలను టీచర్ గారు శనివారం సాయంత్రాలు మా బ్లాకు కింద గోడల్లేని ఖాళీ జాగాలో పోగుచేసి నాట్యం నేర్పేవారు. ముందు గంట ఆట. తర్వాత అదే నేల మీద కూర్చోబెట్టి వాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దేవారు.

వలయంగా నిలబడేవాళ్ళు. ఒకరు మధ్యలోకి రాగానే మిగతావాళ్ళు ఆ మనిషి పేరు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా పిలిచి చప్పట్లు చరచాలి. అది ఆమె పెట్టిన నియమం. "క్లాసులో వీళ్ళ పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగదట. వారానికి ఒక్కసారైనా వీళ్ళు దాన్ని వినాలి," అనేవారు.

తండ్రి పోయిన కబురు వచ్చాక ఒక అమ్మాయి మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. పరీక్ష ఫీజు కట్టడం కూడా మానేసింది. టీచర్ గారు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "మాట రాకపోతే పోనీ. మడమను అడుగు," అన్నారు. ఆ పిల్ల మధ్యలోకి వచ్చి ఒకే అడుగు, నేలను తన్నుతున్నట్టు, వేసింది, వేసింది. చివరికి తన పేరు కాదు, తండ్రి పేరు అరిచింది. వలయమంతా ఆయన్ను పిలిచింది. ఆ పిల్ల ఆ యేడు పరీక్ష రాసింది.

నేను లిఫ్టు దగ్గర కూరగాయల సంచీతో నిలబడి ఇదంతా చూశాను. చూసి ఏం చేశాను? మర్నాడు 'లోకపు గంతులు' అని నలభై నిమిషాలు ప్రసంగం చేశాను. మీరు ఆమేన్ అన్నారు.

ఆ క్రిస్మస్ నాటకానికే మన సండేస్కూల్ సిస్టర్ నాతో అన్నారు: "దేవదూతలకి కాస్త తెల్లటి పిల్లలైతే బావుంటారు బ్రదర్. మీ పాప గొర్రెల్లో ఉంటుందిలెండి, వెనక వరసలో." నేను తల ఊపాను. ఎనిమిదేళ్ళ నా కూతురు ఊపలేదు. శనివారం ఇంట్లో కనబడలేదు.

"ఎక్కడికెళ్ళావే?"

"డౌన్‌స్టైర్స్ లా, డాడీ," అంది ఈ ఊరి యాసలో. "అక్కడ బ్యాక్ రో లేదు."

"లేకపోవడమేంటి?"

"సర్కిల్ కదా. సర్కిల్‌కి బ్యాక్ ఉండదని టీచర్ ఆంటీ చెప్పింది."

ఇక అసలు సంగతికి వస్తాను. మీకు గుర్తుండకపోతే నేను గుర్తుచేస్తాను. డోలు చప్పుడని బ్లాకులో ఫిర్యాదులొస్తే టీచర్ గారు నా దగ్గరకొచ్చారు. పాయా లేబర్‌లో మనం ఆదివారం అద్దెకు తీసుకునే హాలు నాలుగు నుంచి ఆరు దాకా ఖాళీయే, ఆ రెండు గంటలు ఇమ్మన్నారు. పెద్దలం కూర్చున్నాం.

"కాదంటే బాగోదు బ్రదర్, క్రైస్తవులం," అన్నారు సంఘపెద్ద. "ఖాళీ లేదని చూపిద్దాం. హాకర్ సెంటర్లో తినడానికి ముందే కుర్చీ చోప్ చేసి ఆపుకుంటాం చూడండి, అలాగ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంటే ఈ ఊళ్ళో ఎవరూ దాని జోలికి పోరు. నలభై కుర్చీలు వరసగా వేసి, నలభై ప్యాకెట్లు పెట్టాం. పెట్టింది ఈ చేతులే, పొద్దున ఆరాధనలో రొట్టె విరిచిన చేతులు.

నాలుగింటికి పిల్లలతో, డోలుతో టీచర్ గారు వచ్చారు. కుర్చీలు చూశారు. "అతిథులు వస్తున్నారా?" అని అడిగారు. అవునన్నాను. మేం వెనక మెట్ల మీదుగా ఇళ్ళకు పోయాం. వాళ్ళు ఆరింటి దాకా వరండాలో నిలబడే ఉన్నారట, మన అతిథులు వచ్చి వెళ్ళిపోతారేమోనని.

సోమవారం ఆమె నా తలుపు తట్టారు. చేతిలో సంచీ. "మీ అతిథులు రాలేదు బ్రదర్. నిన్న కిటికీలోంచి జల్లు కొట్టింది. ఈ ప్యాకెట్లు తడుస్తాయని తీసిపెట్టాను." ఆ గొంతులో ఎగతాళి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

యీషున్‌లో మన రంగు చూసి ఇల్లివ్వనన్న యజమాని గురించి మీరు కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పారు. గుర్తుందా? దేవుని మందసం ముందు ఒళ్ళు మరచి నాట్యమాడిన రాజును చీదరించుకున్న రాణిని గురించి వాక్యంలో చదివాం. ఆమె ఎక్కడ నిలబడింది? కిటికీ దగ్గర. నేను లిఫ్టు దగ్గర. మీరు ఫోన్ దగ్గర. దేవుడు ఎవరి పక్షాన ఉన్నాడో బైబిల్ కాలేజీ గడప తొక్కని నాకే అర్థమైతే, మీకెందుకు కాదు?

ఆసుపత్రిలో క్షమించమని అడిగాను. "అది నాకెందుకు? కుర్చీలు తియ్యండి," అన్నారు. కమిటీలో మాట్లాడతానన్నాను. ఆ తర్వాత రెండు కమిటీలు జరిగాయి. నేను నోరెత్తలేదు. ఆమె వెళ్ళిపోయారు.

బ్లాకు కింద జాగాకు అనుమతి ఆమె పేరు మీద ఉండేది. ఇక అక్కడ చేరడానికి లేదన్నారు. తండ్రిని పోగొట్టుకున్న ఆ అమ్మాయి నిన్న నాతో అంది: "అంకుల్, ప్లేస్ లేకపోతే ఎవరి రూముల్లోకి వాళ్ళం పోతాం. మళ్ళీ బయటికి రాం."

ఈ కాగితం ఇవాళ ఆరాధనకు ముందు మీ చేతికి వస్తుంది. నాలుగింటికి ఆ పిల్లలు డోలు తీసుకుని మెట్లెక్కి వస్తారు. రమ్మన్నది నేను. మిమ్మల్ని అడగలేదు. ఆ నలభై ప్యాకెట్లూ వేదిక మీద సంచీలో ఉన్నాయి, ఏడుపొస్తే వాడుకోండి. కానీ ముందు లేవండి. వచ్చే కమిటీ దాకా కాదు, ఆఖరి ప్రార్థన దాకా కూడా కాదు. ఇప్పుడే లేచి, మీ కింది కుర్చీ మడిచి గోడకు చేర్చండి. మధ్యలో నేల కనబడాలి.