దక్షిణపు గోడకు అక్క కట్టించిన గాజుగది

మా చిన్నప్పుడు... పొదటూరుపేటలో కార్తీకపు వాన పట్టుకుందంటే మా మగ్గం గుంతలో నీళ్లు ఊరేవి. నాయన కాళ్లు పెట్టుకునే చోటు నుంచి చెంబులతో తోడి పోసేవాళ్లం... తోడినకొద్దీ ఊరేవి.

ఆ ఏడు వాన వారాల తరబడి విడవలేదు. గంజి పెట్టిన చిలపలు, అంటే నూలు చుట్టలు, ఇంట్లో తాళ్ల మీద అలాగే వేలాడుతున్నాయి. అవి ఆరితేనే పడుగు, పడుగుంటేనే మగ్గం, మగ్గం ఆడితేనే మాకు అన్నం... కాసేపు ఎండ వచ్చినా, చిలపలు వీధిలోకి మోసుకొచ్చేలోపు మళ్లీ చినుకులు. పొయ్యి సెగకు పెడితే పొగ మరకలు. ఇల్లంతా పులిసిన గంజి వాసన.

ఒక పొద్దున అమ్మ ఒక చిలప విప్పింది. లోపల నల్లటి బూజు. పోగు పట్టి లాగితే చప్పుడు లేకుండా తెగిపోయింది.

నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"ఇంగ అయిపోయినాది మే. ఇదీ పోతే నూలు యాడ తెచ్చేది? మగ్గం పీకేసి తిరుత్తణి కొండకాడ టెంకాయలు అమ్ముకుందాం."

నాయన అలా మాట్లాడటం అంతకుముందు ఎప్పుడూ వినలేదు నేను...

అప్పుడు లేచింది మా కోమలక్క. పదో తరగతి చదువుతోంది.

"నాయనా, అద్దం ఎండను లోపలికి విడస్తాది, వేడిని బయటికి విడవదంట. మా మిస్సు చెప్పినారు. తెక్కు పక్క గోడకు ఆనించి అద్దాల గది కడదాం."

తెక్కంటే మాకు దక్షిణం. బొగ్గుతో గోడ మీదే బొమ్మ గీసింది. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు కాబట్టి అద్దాలు ఏటవాలుగా అటే చూడాలి. కింద నల్లరాళ్లు పరిస్తే పగటి వేడిని పొద్దుపోయేదాకా పట్టి ఉంచుతాయి...

వేరే దారి లేదు మాకు. కూల్చేసిన రైసుమిల్లు కిటికీ అద్దాలు బతిమాలి తెచ్చుకున్నాం. వెదురు బద్దలతో చట్రం, అద్దాలు చాలని చోట ప్లాస్టిక్ పట్ట. నాయన అరచెయ్యి కోసుకుపోయింది. గుడ్డ చుట్టుకుని మళ్లీ నిచ్చెన ఎక్కాడు. వాకిట్లోని నల్లరాళ్లు పెరికి నేను, అక్క మోశాం.

మరునాడు మబ్బు కాస్త విచ్చింది. లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది! అమ్మ చిలపలన్నీ అందులోనే వేలాడదీసింది.

సాయంత్రం చూస్తే అద్దాల నిండా చెమట... బొట్లు బొట్లుగా మళ్లీ నూలు మీదే కారుతోంది.

అక్క అక్కడే కూలబడింది. "నేనే చెడగొట్టినాను నాయనా..."

నాయన తడిసిన చిలపలను పక్కకు జరపసాగాడు.

అమ్మ ఒక్కతే అద్దం మీది తడిని వేలితో తుడిచి చూసింది. "ఇడ్లీ కుండ మూత మాదిరి అయినాది. ఆవిరి పోయేదానికి దావ లేదు కదమ్మే. కింద ఒక కంత, పైన ఒక కంత కావాల" అంటూనే గడ్డపార తెచ్చి ఇంటి గోడనే అడుగున పొడిచింది. మా తాత పెట్టిన మట్టిగోడ... పెళ్లలు రాలాయి. నాయన అడ్డుపడలేదు. పైకెక్కి చూరు కింది అద్దం ఒకటి ఊడదీశాడు.

రోజుకు గంటో, రెండు గంటలో ఎండ. చిలపలు తిప్పుతూ అందరం అక్కడే కాపలా... నాలుగో రోజుకు సగానికి పైగా కుళ్లిపోయాయని తేలింది. మిగిలినవి ఆరాయి. ఒక్క పడుగుకు సరిపడా.

గుంతలో గోనెసంచులు పరుచుకుని నాయన మగ్గంలోకి దిగాడు. మగ్గం చప్పుడు మొదలవగానే అమ్మ వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది...

మేం నిలబడ్డాం. కానీ పోయిన నూలుకు బదులు ఇంకో జత చేతులు కావలసి వచ్చాయి. అక్క పుస్తకాలు అటకెక్కాయి. పదో తరగతి పరీక్ష కూడా రాయలేదు.

ఇప్పుడు మా వీధిలో అన్నీ పవర్‌లూములే. వాన పడితే ఎవరూ ఆకాశం వైపు చూడరు. ఇంటికి ఆనించి ఇలాంటి గాజుగదులు కట్టడానికి పెద్ద చదువులు చదివినవాళ్లు ప్లాన్లు గీస్తున్నారట... అలాంటి వీడియో కనపడితే చివరిదాకా చూడలేను నేను.

మీ ఇళ్లలోనూ చదువు మధ్యలో ఆపేసిన అక్కలు ఉండే ఉంటారు... ఇల్లు నిలబెట్టడానికి వాళ్లేం చేశారో కింద రాయండి. వాళ్ల పేర్లతో సహా.