దీవిలో ఆగిన పడవ

భార్య పోయాక టైలరు పెద్దాయనకు ఇంట్లో కుట్టుమిషను చప్పుడే తోడు. ఒక ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, యుద్ధకాలపు కోట ఉన్న దీవికి వెళ్లే పడవెక్కాడు. దారి పొడుగునా గైడమ్మాయి చెప్పే ప్రతి మాటకూ అందరికంటే ముందే తలూపాడు. ముందు కూర్చున్నవాళ్ల కాలర్లు చూసి, కుట్టు కుదరలేదని లోలోపల గొణుక్కున్నాడు. దీవిలో దిగాక, సైనికులు తలదాచుకున్న సొరంగంలో, వాళ్లు పడుకున్న రాతి అరుగులను తడిమి చూస్తూ వెనకబడిపోయాడు.

పడవ కూత వేసింది. గైడమ్మాయి పరుగున వెనక్కొచ్చి, "పెద్దాయనా, ఎక్కడున్నారండీ? మీకోసమే అందరం ఆగాం!" అని బయటినుంచి కేకేసింది. తనకోసం ఎవరైనా ఆగి ఎన్నాళ్లయిందో! "వస్తున్నా తల్లీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయినా పలకలేదు. ఇంకొక్కసారి పిలిపించుకోవాలని, చీకట్లో గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.