శ్రమకాలంలో మానేసిన మందు

గురువారం మధ్యాహ్నాలు మా చర్చి సంఘం స్త్రీలం కొందరం ఏలూరు నుంచి ఆటోలో కొల్లేటికోట వైపు వెళ్తాం. చేపల చెరువుల గట్ల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో మా కూడిక. పాస్టరుగారి భార్య వాక్యం చెబుతారు. ఆవిడను అందరం అమ్మగారు అంటాం. నేను పాటలు ఎత్తుకుంటాను. ఆ రోజు నా పాపను చూసుకోవడానికి మా అమ్మ తాడేపల్లిగూడెం నుంచి రైలెక్కి వస్తుంది. "దేవుడి పనికి వెళ్తూ నిమిషానికోసారి ఫోనేంటే? నీకు నా మీదా నమ్మకం లేదు, ఆయన మీదా లేదు" అని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. పాపకు ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు కూడా, ఇది రాస్తూ, మధ్య మధ్యలో లేచి దాని నుదురు తాకి వస్తున్నాను.

ఆ ఊళ్లో మేం కూర్చునేది ఒక అమ్మాయి ఇంటి వరండాలో. నాకంటే కాస్త చిన్నది. భర్త చెరువుల్లో చేపలకు మేత వేసే పనికి పోతాడు. ఆమె బాప్తిస్మం తీసుకుని ఎంతో కాలం కాలేదు. అత్తగారు మాత్రం తన దేవుళ్లను విడవలేదు. మేం పాడుతుంటే గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తూ వింటుంది. ఆ ఇంట్లో బడికి వెళ్లే వయసు కొడుకు ఉన్నాడు. వాడికి మూర్ఛ. రోజూ రెండు పూటలా సిరప్ వేయాలి.

ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం మొదలైనప్పుడు అమ్మగారు అన్నారు: "దేవునికంటే ఎక్కువగా దేన్ని నమ్ముకున్నామో, దాన్ని ఈ రోజుల్లో విడిచిపెడదాం." తర్వాతి కూడికలో ఎవరేం మానేశారో చెప్పమన్నారు. ఒకావిడ కాఫీ అంది. "మా ఇంట్లో అందరికీ శ్రమకాలమేనండి, నా చిరాకు భరించలేక" అనేసరికి నవ్వులు. నేను ఫోన్లో వీడియోలు చూడటం మానేశానన్నాను. వంతు ఆ అమ్మాయికి వచ్చింది.

"నేను పిల్లాడి మందు మానేశానండి."

"స్తోత్రం" అన్నారు ఇద్దరు ముగ్గురు, అలవాటుగా. అన్నాక గానీ ఏం విన్నారో వాళ్లకు తట్టలేదు.

"దేవుడికంటే ఎక్కువ ఆ సీసానే నమ్ముకున్నానండి. అందుకే ఆదివారం నుంచి వెయ్యట్లేదు. ఇదివరకు మొక్కుకున్నప్పుడు కూడా ఏదోటి మానేసేదాన్నే కదండీ" అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

అత్తగారు చింతపండు పక్కకు నెట్టింది. "నేను చెప్తే నీకు విశ్వాసం లేదత్తా అంటందండి. మీరు చెప్పండి, మీ దేవుడికి మందంటే పడదా?"

అందరం అమ్మగారి వైపు చూశాం. ఆవిడ నోరు తెరిచేలోపే నేను అనేశాను.

"ఉపవాసం ఎవరి కంచంలోంచి వాళ్లు చేస్తారు. నువ్వు మానేసింది నీది కాదు, వాడిది. వెంటనే మందు వెయ్యి."

"దేవుడికి ఇచ్చింది వెనక్కి తీసుకుంటే వాడికే కీడు అక్కా" అంది. వెలుగు పోయి, ఆ ముఖంలో ఇప్పుడు భయం ఉంది. నాకు బాగా తెలిసిన భయం.

లోపల గిన్నె దొర్లిన చప్పుడైంది.

వాడు మంచం పక్కన నేల మీద ఉన్నాడు. కళ్లు పైకి పోయాయి, చేతులు కొట్టుకుంటున్నాయి. అత్తగారు తాళాల గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "చేతిలో ఏమీ పెట్టొద్దండి" అని వాణ్ని పక్కకు తిప్పి, తల కింద నా చున్నీ పెట్టాను. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పాపకు వచ్చిన రోజున నేను చూసినదానికంటే ఇది చాలా ఎక్కువ. గట్టు మీద చేపల ట్రేలు దించుతున్న వ్యాన్‌ను అమ్మగారు చెప్పుల్లేకుండా పరుగెత్తి ఆపారు. ఏలూరు దాకా వాడి తల నా ఒళ్లో, కాళ్లు వాళ్లమ్మ ఒళ్లో. ఆమె ప్రార్థన చేయలేదు. బయట చెరువుల వైపు చూస్తూ "ఊపిరుందా అక్కా?" అని మాత్రం అడిగేది.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ తర్వాత గానీ ఫిట్స్ ఆగలేదు. మందు ఎందుకు ఆపారని డాక్టర్ గద్దించాడు. "నేను చెప్పిన మాట వల్లనండి" అన్నారు అమ్మగారు, మట్టి కాళ్లతో అలాగే నిలబడి.

వాడు బతికాడు. కానీ ఇంటికెళ్లాక కూడా ఆమె సీసా తీయడానికి వణికేది. దేవుడికిచ్చిన మాట తప్పుతున్నానని. ఒక సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "మీరు లైన్లో ఉండండి అక్కా, అప్పుడు వేస్తాను." అదే అలవాటైంది. మందు వాడి గొంతు దిగేదాకా నేను ఫోన్ చెవికి ఆనించుకుని ఉండేదాన్ని. తర్వాత ఇద్దరం చిన్న ప్రార్థన చేసుకునేవాళ్లం.

మొన్న ఆ వేళకు ఫోన్ రాలేదు. నేనే చేశాను. ఎత్తలేదు. పాపకు అన్నం పెడుతూ మళ్లీ చేశాను. ముద్ద నా చేతిలోనే ఎండిపోయింది. మళ్లీ మానేసిందా? వాడు మళ్లీ నేల మీద పడి ఉన్నాడా?

చివరికి అత్తగారు ఎత్తింది.

"ఏమ్మా, ఎందుకంత కంగారు? పొద్దున్నించి ఎండు చేపల పని, ఒళ్లు తెలీకుండా పడుకుంది."

"బాబుకి మందు?"

"పడుకునే ముందు అదే వేసిందమ్మా, నీకు ఫోన్ చెయ్యకుండానే. చెయ్యి వణకలేదు, నేను చూశాను."

నేను పాపకు మళ్లీ ముద్ద కలిపాను. ఉంటానండీ అనబోతుంటే ఆవిడే ఆపింది.

"ఉండు. రోజూ తర్వాత ఏదో చేస్తారు కదా ఇద్దరూ. అది చెయ్యవా? వాడి చెవి దగ్గర పెడతాను. కాస్త గట్టిగా చెయ్యమ్మా, నాకూ వినపడాలి."